వేప చేదు వెనుక కథ

ఉగాది దగ్గరపడుతున్నదంటే ఇందాలోని తెలుగు ఇళ్లలో ఒక వెదుకులాట మొదలవుతుంది. బెల్లము, కొత్త చింతపండు, లేత మామిడికాయ బజారుకు వెళితే దొరుకుతాయి. వేపపువ్వు మాత్రం ఎవరో ఒకరి పెరటి చెట్టును ఆశ్రయించి తెచ్చుకోవలసినదే. సరిగ్గా ఆ రోజులలోనే మన బెంగాలీ ఇరుగుపొరుగువారు కూడా అదే చెట్టు కొమ్మలను వంచుతారు. వారికి కావలసినది పువ్వు కాదు, లేత చిగురు. దానిని వంకాయ ముక్కలతో వేయించి ‘నిమ్ బేగున్’ అని అన్నంలో మొదటి ముద్దకు కలుపుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల కోసం సర్కారు జిల్లాల నుండి ఇక్కడకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు భాషలోను, భోజనంలోను పొరుగువారితో ఎన్ని సర్దుబాట్లు చేసుకున్నాయో లెక్కలేదు. ఈ ఒక్క చేదు విషయంలో ఎవరూ ఎవరికీ కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది.

ఈ నెల మా శీర్షికకు ఆ చేదునే విషయంగా తీసుకుంటున్నాము. వేప ఆరోగ్యానికి మంచిదని చెప్పే వ్యాసాలకు కొదవ లేదు. మరొకటి వ్రాసి పాఠకుల కాలం వృథా చేయదలచలేదు. ఈ చేదు చెట్టుకు ఎక్కడి నుండి వచ్చినది, ఎప్పుడు వచ్చినది, దానిని తయారుచేసే యంత్రాంగం చెట్టు లోపల ఏ రూపంలో ఉన్నది అనే ప్రశ్నలకు గత పది పదిహేను సంవత్సరాలలో కొన్ని సమాధానాలు లభించినవి. మొదటి పెద్ద అడుగు పడినది మన దేశంలోనే. ఆ సంగతి మనలో చాలమందికి తెలియకపోవడం మాకు కొంత ఆశ్చర్యంగానే ఉన్నది.

ముందుగా బంధుత్వాల ముచ్చట. వేపకు, కరివేపకు ఏమైనా సంబంధం ఉన్నదా అని పిల్లలు అడుగుతూ ఉంటారు. ఆకుల అమరిక చూసి మన పెద్దలు కరివేప అన్నారు, ఉత్తరాదివారు ‘మీఠా నీమ్’ అన్నారు. కేవలం పోలికను బట్టి పెట్టిన పేరని కొట్టివేయడానికి లేదు. వృక్షశాస్త్రజ్ఞులు వేపను మీలియేసీ కుటుంబంలో చేర్చినారు. మహాగని, తురకవేప, ఈ మధ్య మన రైతులు ప్లైవుడ్ కలప కోసం పెంచుతున్న మలబారు వేప దాని సొంత కుటుంబీకులు. కరివేప, నిమ్మ, నారింజ, మారేడు, వెలగ రూటేసీ అనే పక్క కుటుంబానికి చెందినవి. ఈ రెండు కుటుంబాలు, మరికొన్ని కలిసి సాపిండేలీస్ అనే పెద్ద వంశం అవుతుంది. ఆ వంశానికి పేరు వచ్చినది మన కుంకుడుచెట్టు నుండి! కుంకుడు శాస్త్రీయ నామం సాపిండస్, అనగా ‘భారతదేశపు సబ్బు’ అని అర్థం. బెంగాలు ప్రజలకు ప్రీతిపాత్రమైన లిచీ ఆ కుంకుడుకు సొంత కుటుంబమే. మామిడి, జీడిమామిడి కూడా ఈ వంశంలోనివే.

కనుక ఉగాది పచ్చడి గిన్నెలో చేదు, పులుపు వేరువేరు మూలల నుండి వచ్చి కలిసినవి కావు. వేపపువ్వు, మామిడికాయ ఒకే వంశంలోని దూరపు దాయాదులు. చింతపండు మాత్రం చిక్కుడు కుటుంబం. బెల్లానికి తల్లియైన చెరకు గడ్డిజాతి.

ఇంతవరకు చెప్పినది పువ్వులు, కాయలు, ఆకులు పరిశీలించి పూర్వులు నిర్ణయించిన వర్గీకరణ. అది నిజమా కాదా అని తేల్చవలసినది చెట్టు లోపలి గ్రంథం. ప్రతి జీవకణంలోను డి.ఎన్.ఏ. అనే సన్నని పోగు మీద ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో ఆ గ్రంథం వ్రాసి ఉంటుంది. మొత్తం గ్రంథాన్ని జీనోమ్ అని, అందులో ఒక్కొక్క పనికి సంబంధించిన వాక్యాన్ని జన్యువు అని అంటాము. మానవుని గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలు. మొక్కలలో మొట్టమొదట ఆవజాతికి చెందిన ఒక చిన్న కలుపుమొక్క గ్రంథాన్ని 2000లో చదివినారు. 2005లో వరి, 2006లో చెట్లలో మొదటిదిగా పాప్లర్ పూర్తియైనవి.

‘చదవడం’ అంటే ఏమిటో రైలు ఊరిలో ఉన్నవారికి చెప్పడం సులభం. ఖరగ్‌పూర్ నుండి విశాఖపట్నం వరకు టైంటేబుల్‌ను వంద ప్రతులు అచ్చు వేయించి, అన్నింటినీ ముక్కలు ముక్కలుగా చించి కుప్పపోశారనుకొనండి. ఒక ముక్కలో ‘బాలేశ్వర్, భద్రక్’ అని ఉన్నది. మరొక ముక్కలో ‘భద్రక్, కటక్’ అని, ఇంకొకదానిలో ‘కటక్, భువనేశ్వర్, ఖుర్దారోడ్’ అని ఉన్నది. ఒకదాని చివర మరొకదాని మొదలుతో కలిసే చోటు చూసుకుంటూ పోతే బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా విశాఖ చేరవచ్చును. యంత్రాలు చేసేది ఇదే. పోగు మొత్తాన్ని ఒక్కసారిగా చదవగల యంత్రం లేదు. చిన్న చిన్న తునకలను కోట్ల సంఖ్యలో చదివి, కంప్యూటర్ల సాయంతో అతుకుతారు. చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, ప్రతి స్టేషను ఎదుటా ‘2 నిమిషాలు ఆగును’ అని ఒకే మాట ఉన్నప్పుడు. ఆ ముక్క మాత్రమే చేతికి వస్తే అది ఏ స్టేషనుదో చెప్పలేము. జీవుల గ్రంథాలలో ఇటువంటి పునరుక్తులు విస్తారం.

వేప గ్రంథాన్ని మొదట విప్పినది బెంగళూరులోని గణిత్ ల్యాబ్స్. బినయ్ పండా నాయకత్వాన అక్కడి బృందం 2011లో వేపపండులో ఏయే జన్యువులు పనిచేస్తున్నవో ప్రకటించినది. 2012లో మొత్తం జీనోమ్ ముసాయిదాను, దానితోబాటు వేరు, కాండం, ఆకు, పువ్వులలో జన్యువుల పనితీరును ప్రచురించినది. మీలియేసీ కుటుంబంలో అంతకు ముందు ఏ చెట్టు గ్రంథాన్నీ ఈ కొత్త పద్ధతిలో ఎవరూ చదవలేదు. వారు చెప్పిన ప్రకారం వేపలో జన్యువుల సంఖ్య సుమారు 20,000. మనిషిలోని జన్యువుల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. ఈ విషయంలో మనము వేపచెట్టు కంటె అధికులమని గర్వించడానికి వీలులేదు. జన్యువుల పోలికను బట్టి వంశవృక్షం గీస్తే వేప వెళ్లి నారింజ పక్కన కూర్చున్నది. పువ్వును, కాయను చూసి పూర్వులు చేసిన నిర్ణయం సరియైనదేనని అక్షరసాక్ష్యం లభించినది.

ముసాయిదా ముసాయిదాయే. అందులో పునరుక్తులు తక్కువ అని తేలినది. తరువాత యంత్రాలు మెరుగుపడి, పొడవైన తునకలను చదవగలిగినవి. 2022లో చైనా శాస్త్రజ్ఞులు వేప గ్రంథాన్ని 14 క్రోమోజోములుగా, అనగా 14 సంపుటాలుగా అమర్చి ప్రచురించినారు. మొత్తం 28.1 కోట్ల అక్షరాలు, 25,767 జన్యువులు. పునరుక్తులు 11.5 కోట్ల అక్షరాలు, అంటే మూడవ వంతుకు మించి! మొదటి బృందం పని తక్కువది అనడానికి ఇది కారణం కాదు. చిన్న ముక్కలతో అతికినప్పుడు ‘2 నిమిషాలు ఆగును’ అనే మాటలన్నీ ఒకదానిపై ఒకటి పడిపోయి ఒకటిగా కనిపించడం సహజం. శాస్త్రం ఇట్లే నడుస్తుంది.

ఇక అసలు కథ. పుష్పించే మొక్కల చరిత్రలో మొత్తం గ్రంథమే రెట్టింపు కావడం, ఒక్కొక్కసారి మూడింతలు కావడం అనేకసార్లు జరిగినది. ద్రాక్ష, నారింజ, మామిడి, వేప మొదలైనవాటి ఉమ్మడి పూర్వీకునిలో పది కోట్ల సంవత్సరాలకు పూర్వమే అటువంటి మూడింతల ఘటన ఒకటి జరిగినది. ఆ తరువాత చాల మొక్కలలో మళ్లీ రెట్టింపులు జరిగినవి. వేపలో జరగలేదు. అంత ప్రాచీన కాలం నుండి గ్రంథం మొత్తంగా తిరిగి నకలు కాలేదు. మరి ఈ చెట్టుకే ప్రత్యేకమైన చేదు పదార్థాలు ఇన్ని ఎట్లా వచ్చినవి? 2022 నాటి పరిశోధన ఇచ్చిన సమాధానం ఏమంటే, గ్రంథం మొత్తం కాకపోయినా అక్కడక్కడ కొన్ని వాక్యాలు, కొన్ని పేరాలు నకలు అయినవి. చేదు పదార్థాల తయారీకి సంబంధించినవిగా భావించే, వేపకే ప్రత్యేకమైన జన్యువులలో అధిక భాగం 13వ క్రోమోజోము మీద గుంపులు గుంపులుగా ఉన్నవి.

నకలు వలన లాభమేమిటో వర్క్‌షాపులో పనిచేసే మన సోదరులకు విడమరచి చెప్పనక్కరలేదు. షాపులో ఒకే లేత్ ఉన్నదనుకొనండి. రోజువారీ పని ఆగిపోతుందనే భయంతో దానిపై ప్రయోగాలు చేయరు. రెండవ లేత్ వచ్చినదా, ఒకటి పాత పని చేస్తూ ఉంటుంది, రెండవదానికి కొత్త పనిముట్టు బిగించి చూడవచ్చును. పాడైపోతే నష్టం లేదు. పనికివస్తే కొత్త సరుకు తయారవుతుంది. జన్యువు నకలు అయినప్పుడు ప్రకృతిలో జరిగేది ఇదే. ఒక ప్రతి ప్రాణానికి అవసరమైన పాత పనిని నిర్వర్తిస్తుంది. రెండవ ప్రతిలో తరతరాలుగా అక్షరదోషాలు చేరుతూ పోతాయి. ఆ దోషాలలో ఒకానొకటి పురుగును తరిమే పదార్థానికి దారితీసినదనుకొనండి, ఆ చెట్టు ఆకు మిగులుతుంది, విత్తనం మిగులుతుంది, ఆ దోషం గుణమై నిలుస్తుంది.

ఇది ఊహాగానం కాదనడానికి 2023లో చక్కని నిదర్శనం దొరికినది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ కేంద్రం, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కలిసి నారింజను, వేపకు దగ్గరి చుట్టమైన తురకవేపను (మన బెంగాలీ మిత్రులు ‘ఘోడా నీమ్’ అనేది) పరిశోధించినారు. వేప, నిమ్మ కుటుంబాల చేదుకు కారణమైన పదార్థాలను లిమనాయిడ్లు అంటారు; నిమ్మగింజ కొరికినప్పుడు నాలుకకు తగిలే చేదు అదే జాతి. ఆ పేరు కూడా నిమ్మ నుండి వచ్చినదే. ఆ పదార్థాలను మెట్టు మెట్టుగా తయారుచేసే 22 ఎంజైములను వారు గుర్తించినారు. ఎంజైములంటే కణంలోని పనివారు. ఆ పనివారిలో ఒక జంట విచిత్రమైనది. అన్ని మొక్కలలోను కణపు గోడల లోపలి పొరకు కావలసిన కొవ్వువంటి స్టెరాల్ పదార్థాలను తయారుచేసే పాత ఉద్యోగుల వంశం వారిది. నకలైన జన్యువుల నుండి పుట్టిన ఆ జంట పాత ఉద్యోగం వదిలి చేదు తయారీ శాఖకు బదిలీ అయినది. మనము నోరు చిట్లించుకొని మింగే ఆ చేదు, చెట్టు తన రోజువారీ గృహకృత్యాల సామగ్రితోనే నిర్మించుకున్న కోట అన్నమాట.

వేపలోను, నారింజలోను ఈ మార్గపు తొలి మెట్లు ఒకటే కావడం గమనించదగినది. రెండు కుటుంబాలు విడిపోకముందే, ఉమ్మడి తాతముత్తాతల కాలంలోనే చేదుకు పునాది పడినదని దాని అర్థం. తరువాత నిమ్మవారు ఒక దారి పట్టినారు, వేపవారు మరొక దారి పట్టి మరింత ముందుకు పోయినారు.

ఎంత ముందుకు పోయినారో తెలియాలంటే అజాడిరాక్టిన్ సంగతి చెప్పాలి. 1959లో సూడానులో మిడతల దండు దిగినప్పుడు పచ్చని మొక్కలన్నీ నేలమట్టమై, వేపచెట్లు మాత్రం నిలిచి ఉండడం ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుని కంటబడినది. 1960 దశకం తొలినాళ్లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ప్రధాన్ బృందం వేపగింజల నీరు చల్లిన పంటను మిడతలు ముట్టవని చూపినది. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ ఆ పదార్థాన్ని వేరుచేసినారు. దాని నిర్మాణం తేలేసరికి 1985 వచ్చినది. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 సంవత్సరాలు పట్టి, 2007లో పూర్తియైనది, 71 మెట్లు! చివరకు చేతికి వచ్చినది అత్యల్పం. ఇన్ని ప్రయోగశాలల ప్రతిభకు అంత కష్టమైన పనిని మన పెరటి చెట్టు ప్రతి వేసవిలోను, ఎండను, నీటిని, గాలిని పెట్టుబడిగా పెట్టి, గింజలోపలి పప్పులో చేసి పెడుతున్నది. జన్యువుల వరుస పూర్తిగా తెలిస్తే ఆ పదార్థాన్ని వేరొక మొక్కలోనో, ఈస్టులోనో తయారుచేయవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. 2023 నాటి పని అజాడిరోన్ అనే మధ్య మజిలీ వరకు దారి చూపినది. అక్కడి నుండి అజాడిరాక్టిన్ వరకు ఇంకా చాల మెట్లు ఉన్నవి.

అజాడిరాక్టిన్ పురుగును కొట్టి చంపే విషం కాదు. పురుగుకు ఆకు మీద రుచి పోగొడుతుంది. తిన్న పురుగు కుబుసం విడిచే సమయానికి దాని శరీరంలో రావలసిన సంకేతాలను తారుమారు చేస్తుంది. పురుగు పెరగలేక నశిస్తుంది. ఎండ తగిలితే ఈ పదార్థం త్వరగా చెడిపోతుంది. అందుకే మన రైతులు 5 కిలోల వేపపప్పు పొడి నానబెట్టి వడకట్టి, 100 లీటర్ల కషాయంగా చేసి సాయంకాలం వేళ చల్లుతారు. దీని వెనుక ఉన్న రసాయనశాస్త్రం తెలియకముందే ఆ అలవాటు ఉన్నది.

వేప ఉపయోగాలలో మన ప్రభుత్వరంగ సోదర సంస్థలకు సంబంధించినది కూడా ఒకటి ఉన్నది. యూరియా చల్లినప్పుడు నేలలోని సూక్ష్మజీవులు దానిలోని నత్రజనిని త్వరత్వరగా మార్చివేయడం వలన చాల భాగం నీటితోను, గాలితోను పోతుంది. వేపనూనె పూత పూసిన యూరియాలో ఈ మార్పు నెమ్మదిస్తుంది. నేషనల్ ఫర్టిలైజర్స్ వంటి సంస్థలు ముందుగా ఈ పూత పూసిన యూరియాను తయారుచేసినవి. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయినది. స్వగ్రామంలో పొలము ఉన్న మన ఉద్యోగులు బస్తా మీద ఆ మాట చదివే ఉంటారు.

ఇంత విలువైన చెట్టు మీద హక్కు ఎవరిదనే తగాదా రాకుండా ఎట్లా ఉంటుంది? 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం, వేపనూనెతో మొక్కలపై బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతికి అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు. ఆర్. గ్రేస్ కంపెనీల పేరిట పేటెంటు మంజూరు చేసినది. వందనా శివ మొదలైనవారు అభ్యంతరం దాఖలు చేసినారు. ఈ విజ్ఞానం భారతదేశంలో ఎప్పటి నుండో వాడుకలో ఉన్నదని రుజువు కాగా 2000 మే నెలలో పేటెంటు రద్దు అయినది. అప్పీలు కూడా 2005 మార్చిలో వీగిపోయినది. ఈ పూర్వరంగం తెలిసినవారికి 2012లో బెంగళూరు బృందం వేప గ్రంథాన్ని లోకమంతా చదువుకొనేటట్లు బహిరంగంగా ప్రచురించడం ఎంత ముఖ్యమో బోధపడుతుంది. తాళం వేసి దాచిన గ్రంథమైతే 2022 నాటి పని, 2023 నాటి పని అంత సులభంగా సాగేవి కావని మా అభిప్రాయం.

ఇక్కడ గృహిణులకు ఒక మాట. జన్యువులు చదివినంత మాత్రాన వేపకు మనము ఆరోపించే ప్రతి గుణమూ రుజువైనట్లు కాదు. మొక్క తన చేదును తయారుచేసుకున్నది పురుగు కోసం. మన జ్వరాల కోసం కాదు. ముఖ్యంగా పసిపిల్లలకు వేపనూనె త్రాగించడం ప్రమాదకరం. అట్లా చేసిన పసివారిలో మెదడు, కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను మలేషియా వైద్యులు 1981లోనే వైద్యపత్రికలలో వెల్లడించినారు. పచ్చడిలో చిటికెడు పువ్వు వేరు, గ్లాసుతో నూనె వేరు.

ఇంతటి కోట కట్టుకున్న చెట్టుకు శత్రువే లేడనుకుంటే పొరపాటు. 2021లో వర్షాకాలం వెళ్లిన తరువాత తెలంగాణలో ఊరూరా వేపచెట్ల కొమ్మల చివరలు ఎండి, మాడిపోయినట్లు కనిపించసాగినవి. జనం కలవరపడినారు. గ్రామదేవత కొలువుండే చెట్టు ఎండిపోవడం ఆస్తినష్టం వంటిది కాదు గదా! తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు లేత కొమ్మలను గుచ్చడం, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పట్టి కొమ్మలు పై నుండి క్రిందికి ఎండడం కారణాలని శాస్త్రజ్ఞులు వివరించినారు. ఆ శిలీంధ్రాన్ని 1990 దశకంలోనే కర్ణాటకలో గుర్తించి, వేప పేరు మీదుగానే దానికి నామకరణం చేసి ఉన్నారు. తేయాకు దోమ సంగతి పలాస ప్రాంతపు జీడితోటల రైతులకు కొత్త కాదు. వేపకు దాయాదియైన జీడిమామిడిని అది ఏనాటి నుండో పీడిస్తున్నది. వేపనూనెతో బూజును అరికట్టే హక్కు కోసం ఖండాంతరాలలో వ్యాజ్యాలు నడిచినవి. వేపను మాత్రం ఒక బూజు వచ్చి పట్టినది!

ఆకును నమిలే మిడతకు అడ్డు వచ్చిన చేదు, సూదివంటి మూతితో లేత చిగురు రసాన్ని పీల్చే దోమకు అంతగా అడ్డు రాలేదు. పదుల లక్షల సంవత్సరాలుగా చెట్టుకు, పురుగుకు నడుస్తున్న ఈ పోరాటం ముగిసిపోయిన చరిత్ర కాదు. ఎండిన చెట్లలో చాల భాగం తరువాతి ఋతువులో తిరిగి చిగిర్చినవి. అన్ని చెట్లూ సమానంగా దెబ్బతినవు. అన్నింటి చేదూ సమానం కాదు. వేప పరాగం ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు కీటకాల ద్వారా చేరుతుంది కనుక, ఒకే వీధిలోని రెండు చెట్ల పప్పులో అజాడిరాక్టిన్ పాలు రెండు రకాలుగా ఉంటుంది. ఏ చెట్టులో ఏ నకలు జన్యువు మెరుగైనదో, ఏది ఈ తెగులును తట్టుకొంటున్నదో పోల్చి చూడడానికి ఇప్పుడు మూలగ్రంథం చేతిలో ఉన్నది. పోల్చడానికి రకరకాల చెట్లు కూడా నిలిచి ఉండాలి. రోడ్డు వెడల్పు కోసమో, ప్రహరీ కోసమో ఒక ముదురు వేపను కొట్టి, నర్సరీ నుండి తెచ్చిన మొక్కను నాటి లెక్క సరిపెట్టడం మనకు అలవాటు. కొట్టిన చెట్టులోని ప్రతి, నాటిన మొక్కలోని ప్రతి ఒకటి కావు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్రవృక్షంగా ప్రకటించినది. ఆ గౌరవం ఊళ్లలోని పాత చెట్లకు ఏమేరకు రక్షణ అవుతుందో చూడవలసి ఉన్నది.

క్వార్టర్ల ఆవరణలో మొక్క పెంచదలచిన పాఠకులకు వేప నాటే పద్ధతి చెప్పి ముగిస్తాము. వేపగింజ దాచిపెట్టుకోదగినది కాదు. కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తి పోతుంది. జూన్, జూలై నెలలలో పసుపుపచ్చగా పండి రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే నాటవలెను. మేదినీపూర్ ఎర్రనేల దానికి సరిపడినదే. వేరు దగ్గర నీరు నిలువకుండా మాత్రం చూడవలెను. వీలైతే ఒకే చెట్టు గింజలు కాక, దూరదూరంగా ఉన్న రెండు మూడు ముదురు చెట్ల క్రింద ఏరినవి కలిపి నాటండి. ఇందాలో రైల్వేవారి నాటి చెట్లు కొన్ని ఇంకా కాయలు కాస్తూనే ఉన్నవి.